అంకయ్యగారి పదవీకాలం

నేను ముప్పై రెండేళ్ళు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పాను. దానివల్ల సమాజానికి ఎలాంటి హానీ జరగలేదు, ఎవరూ వినలేదు కనుక. నా క్లాసు ఎప్పుడూ మధ్యాహ్నం భోజనాల తరవాత పెట్టేవారు. పిల్లలకి కాస్త నిద్ర అవసరమని ప్రిన్సిపాల్ గారి అభిప్రాయం. రాష్ట్రపతి ఎన్నిక విధానం చెబుతూ ఉంటే వెనక బెంచీలోంచి గురక వినిపించేది, నేను గొంతు తగ్గించేవాణ్ణి. అలా ఒకరినొకరం ఇబ్బంది పెట్టుకోకుండా గడిపి రిటైరయ్యాను.

నా పాఠం మొదటిసారి శ్రద్ధగా విన్నవాళ్ళు మా ఊరి సెంట్రల్ జైలు ఖైదీలు. మధ్యలో లేచి వెళ్ళిపోయే సౌకర్యం వాళ్ళకి లేదు. విన్నారు, విన్నదాన్ని అమలు కూడా చేశారు. ఆ అమలు పుణ్యమా అని, పధ్నాలుగేళ్ళు శిక్ష అనుభవించి ఇంటికి పోవలసిన మనిషి ఒకడు ఇంకో ఐదేళ్ళు లోపలే ఉండిపోయే ప్రమాదం వచ్చింది. ఇది చెప్పుకోవడం నాకేమీ గౌరవం కాదు. కానీ నా జీవితంలో చెప్పుకోదగ్గ సంగతి ఇదొక్కటే జరిగింది, ఏం చేయను?

జైళ్ళ పెద్దాఫీసు నుంచి ఒక సర్క్యులర్ రావడంతో ఇదంతా మొదలైంది. జైలు శిక్షించే చోటు కాదు, మనిషిని బాగుచేసే చోటు. ఖైదీని అవగాహన గల పౌరుడిగా తీర్చిదిద్ది పంపాలి. అలా తయారైనట్టు ధ్రువీకరించినవాళ్ళకే ఇకపై ముందస్తు విడుదల. మాట మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను. అయితే మంచిమాట చేతికిస్తే దాన్ని చెడగొట్టేదాకా నిద్రపోనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళని ఎక్కడో వెతకనక్కర్లేదు, ఈ కథ చెబుతున్నవాడే ఒకడు.

జైలు సూపరింటెండెంట్ దివాకరంగారు నా పాత విద్యార్థి. నన్ను పిలిపించి కుర్చీ వేయించి, "మీ క్లాసు నాకింకా గుర్తుంది మాస్టారూ. కిటికీలోంచి మంచి గాలి వచ్చేది" అన్నారు. దివాకరంగారు టోపీ తీసి మాట్లాడితే మామూలు మనిషి. టోపీ పెట్టుకుంటే ఆయన గొంతులోంచి సర్క్యులర్ వచ్చేది. అప్పుడు పెట్టుకున్నారు.

"ప్రజాస్వామ్య స్ఫూర్తిని క్షేత్రస్థాయిలో పెంపొందించు నిమిత్తం, ఈ కారాగారమందు ఒక ఆదర్శ గ్రామ పంచాయతీని నెలకొల్పుటకు నిర్ణయించడమైనది. ఖైదీలే ఓటర్లు, ఖైదీయే సర్పంచ్. నియమావళిని రూపొందించు గురుతర బాధ్యత తమపై ఉంచడమైనది."

గురుతర బాధ్యత అన్నమాట నా చెవిని పడి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఇంట్లో నా మీద ఉన్న బాధ్యత పాలపాకెట్లు తేవడం ఒక్కటే. ఎగిరి గంతేశాను.

నియమావళి నా గైడు చూసి రాశాను. ఆ గైడు నేనే రాసి, నేనే అచ్చువేయించి, ఎక్కువ భాగం నేనే ఉంచుకున్న పుస్తకం. పదవీకాలం ఐదేళ్ళు అని రాశాను. ఎందుకు ఐదేళ్ళు అంటే నా దగ్గర సమాధానం లేదు. పదవీకాలం అన్న మాట కనబడితే పక్కన ఐదేళ్ళు అని రాయడం నా చేతికి అలవాటు, అంతే. మొదటి నాలుగేళ్ళు అవిశ్వాస తీర్మానం పెట్టరాదన్నాను. నిబంధనలు సవరించాలంటే మూడింట రెండొంతుల మెజారిటీ, ఆరునెలల ముందస్తు నోటీసు కావాలన్నాను. పంచాయతీకి స్పీకరు ఉండడు. కానీ గైడులో శాసనసభ అధ్యాయం పక్కనే ఉంది, వదలబుద్ధి కాలేదు. సూపరింటెండెంటే స్పీకరు అని రాసి, పార్టీ ఫిరాయింపుల చట్టం కూడా దించేశాను. చివర నా సొంత కవిత్వం ఒకటి: "ప్రజలు అప్పగించిన బాధ్యతను నడుమ విడిచి రాజీనామా చేయువాడు అవగాహన గల పౌరుడు కాజాలడు." ఆ వాక్యాన్ని మా ఆవిడకి చదివి వినిపించాను. "బాగుంది, పాలపాకెట్లు ఏవీ?" అంది.

తరగతులు మొదలయ్యాయి. మొదటిరోజే ఒకాయన చెయ్యెత్తాడు. పేరు పానకాలు. బయట ఉన్నప్పుడు ఏ పార్టీ పిలిస్తే ఆ పార్టీకి బ్యానర్లు కట్టేవాడు. ఒకసారి రెండు పార్టీల బ్యానర్లు ఒకే స్తంభానికి కట్టవలసి వచ్చి, ఆ గొడవలో ఒకరి తల పగలగొట్టి ఇక్కడికి చేరాడు.

"సార్, జైల్లో ఉన్నోళ్ళకి ఓటు లేదంటారు గదా?"

"లేదు."

"మరి ఓటు గురించి మాకెందుకు చెబుతున్నారు?"

"దాని విలువ తెలియడానికి."

"లేనిదాని విలువ మాకు చెప్పాలా సార్? పెళ్ళాం విలువ కూడా ఇక్కడికొచ్చినాకే తెలిసింది" అన్నాడు. అందరూ నవ్వారు. నా క్లాసులో నవ్వు వినబడటం అదే మొదలు. ఆ సంతోషంలో ఇంకో గంట చెప్పాను.

ఇంతలో పెద్దాఫీసు నుంచి ఇంకో కబురు. ఎన్నిక ఏకగ్రీవమైన జైళ్ళకి ప్రోత్సాహకంగా ఒక ఆదివారం అదనంగా చికెన్ బిర్యానీ. ఏకగ్రీవం మన పల్లెల్లో ఎలా జరుగుతుందో మీకు తెలుసు. అందరూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటారు, ఒప్పుకోనివాణ్ణి ముందురోజే ఒప్పిస్తారు. పానకాలు ఆ విద్యలో ఆరితేరినవాడు. రెండు రోజుల్లో పని ముగించి నా దగ్గరికొచ్చాడు.

"అయిపోయింది సార్. అంకయ్య."

"అంకయ్యే ఎందుకు?"

"మెత్తటి మనిషి. అదీగాక ఆగస్టు పదిహేనుకి వదిలేసేవాళ్ళ లిస్టులో ఉన్నాడు. ఉండిపోయేవోణ్ణి ఎన్నుకున్నామనుకోండి, అయిదేళ్ళు మా నెత్తినెక్కి కూర్చుంటాడు. ఎప్పుడైనా పొయ్యేవోణ్ణి ఎన్నుకోవాల సార్, దేశానికి మంచిది."

ఈ విషయం అంకయ్యకి తెలియదు. అతను అప్పుడు జైలు తోటలో వంగమొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. గోగులమూడి అంకయ్య కాలవ నీళ్ళ దగ్గర తగాదాలో ఒక్కసారి పార ఎత్తాడు. అది దిగేసరికి ఒక ప్రాణం పోయింది, ఇతనికి యావజ్జీవం పడింది. తరవాత పధ్నాలుగేళ్ళలో అతను ఎవరిమీదా గొంతు కూడా ఎత్తలేదు. మెడలో దండ పడ్డప్పుడు వంగమొక్కల మధ్యనే నిలబడి, చేతిలో పైపు ఎవరికివ్వాలో తెలియక చూస్తున్నాడు.

ప్రమాణస్వీకారం నేనే చేయించాను. "ఐదు సంవత్సరముల కాలము" అన్నచోట ఆగాడు.

"అయిదేళ్ళేంది సార్? నేను ఆగస్టులో ఇంటికి బోవాలి గదా?"

"అది మాటవరసకి ఉంటుందిలే. చదువు" అన్నాను.

చదివాడు. నా మాట విని చెడిపోయిన మొదటి విద్యార్థి అతనే.

అక్కడితో ఆగితే బిర్యానీ తిని అందరం మరిచిపోయేవాళ్ళం. కానీ అంకయ్య ప్రమాణపత్రంలో రాసినదాన్ని నిజమని నమ్మాడు. కొళాయి దగ్గర రెండో బ్యారక్, మూడో బ్యారక్ రోజూ కొట్టుకునేవి. వంతులు పెట్టి ఆపాడు. చూపు ఆనని ఒక ముసలాయనకి కళ్ళజోడు ఇప్పించే దాకా డాక్టరు గారి వెంట తిరిగాడు. సాంబారులో ముక్కలు కనబడటం మొదలైంది. ఆ పంచాయతీకి ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, సాయంత్రం తాళం పడ్డాక సర్పంచ్ జనం మధ్యనే ఉంటాడు. పక్కకి తిరిగి భుజం తడితే పలుకుతాడు. ఊళ్ళో లేడనీ, మీటింగులో ఉన్నాడనీ చెప్పడానికి వీల్లేదు. మా వార్డు కౌన్సిలరుని నేను ఇప్పటికీ ఎదురుగా చూడలేదు. ఆయన ఫోటో చూసి, ఎవరో పోయారేమో, సంతాపం ఫ్లెక్సీ కట్టారనుకున్నాను ఒకసారి.

పెద్దాఫీసు నుంచి పరిశీలక బృందం వచ్చి, అంతా చూసి, దివాకరంగారికి శాలువా కప్పింది. వెళుతూ వెళుతూ "ఇంతటి ఉత్తమ పౌరుణ్ణి మా సర్వీసులో చూడలేదు" అని అంకయ్య చెయ్యి కూడా పట్టుకుని ఊపారు. రాష్ట్రంలోని జైళ్ళన్నిటికీ మాదే ఆదర్శమని ప్రకటించారు. దివాకరంగారు అంకయ్యని "సర్పంచ్ గారూ" అని పిలవడం మొదలుపెట్టారు. సర్పంచ్ గారిని వార్డర్లు మాత్రం మామూలుగానే ఉదయం, సాయంత్రం లెక్కపెట్టుకునేవారు.

జూలై చివర్లో క్షమాభిక్ష ఉత్తర్వులు వచ్చాయి. అంకయ్య పేరుంది. నేను స్వీటు పాకెట్టు కొనుక్కుని జైలుకి వెళ్ళాను. దివాకరంగారు టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"ప్రజాప్రతినిధి పదవీకాలము ముగియకుండా నియోజకవర్గమును వీడినచో పంచాయతీ కుప్పకూలును. ఐదేళ్ళని నియమావళిలో ఉన్నది."

"రాజీనామా చేస్తాడండీ" అన్నాను.

ఆయన నా నియమావళి తీసి నా కవిత్వం నాకే చదివి వినిపించారు. రాజీనామా చేస్తే అవగాహన గల పౌరుడు కాడు. అవగాహన గల పౌరుడు కాకపోతే విడుదల లేదు. రాజీనామా చేయకపోతే ఐదేళ్ళు ఇక్కడే ఉండాలి.

"సవరిద్దాం."

"ఆరు నెలల నోటీసు."

"అవిశ్వాసం పెట్టిద్దాం."

"నాలుగేళ్ళ తరవాత."

దివాకరంగారు టోపీ తీసి బల్లమీద పెట్టారు. "ఎందుకు మాస్టారూ ఇంత బాగా రాశారు? క్లాసులో చెప్పినట్టు ఏదో చెప్పేసి ఊరుకోకూడదూ?" అన్నారు. పాపం, నిజంగానే బాధపడ్డారు. కుడితిలో పడ్డ ఎలుకల్లా ఇద్దరం కాసేపు కూర్చున్నాం. స్వీటు పాకెట్టు ఎవరూ విప్పలేదు.

పెద్దాఫీసుకి రాశాం. నాలుగు రోజుల్లో జవాబొచ్చింది: "ఆదర్శ పంచాయతీ సర్పంచ్‌ను విడుదల చేయుట పథకం స్ఫూర్తికి విఘాతము. అయితే అర్హుడైన ఖైదీని నిర్బంధించుట ప్రభుత్వ ఉద్దేశ్యము కాదు. కావున ఉభయములకు భంగము కలుగకుండా తగు చర్య గైకొనవలెను." ఏ చర్య తీసుకున్నా తప్పు మాదే అయ్యేలా రాయడం ఒక విద్య. అది నా గైడులో లేదు.

ఈ సంగతి పానకాలుకి చెబితే తల గోక్కున్నాడు. ఏకగ్రీవం చేసి అంకయ్యని ఇరికించింది తనే గదా అని అతనికి లోపల బాధగా ఉంది.

"ఫిరాయింపు చేయిద్దాం సార్. పార్టీ మారితే పదవి ఊడుద్దని మీరేగా చెప్పారు?"

"ఏకగ్రీవంగా గెలిచాడయ్యా. ఏ పార్టీ అని మారతాడు?"

"పార్టీలు పెట్టడం ఎంతసేపు?"

మర్నాడు ఉదయం టిఫిన్ వేళకి సాంబారు పార్టీ, మజ్జిగ పార్టీ వెలిశాయి. అంకయ్య మెడలో గళ్ళ తువ్వాలు వేసి సాంబారు పార్టీలో చేర్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ తువ్వాలు తీసి చారల తువ్వాలు కప్పారు. "మజ్జిగ పార్టీ సిద్ధాంతాలు నచ్చి చేరాను" అనమన్నారు. అంకయ్య అన్నాడు. అంటూ నా వంక చూసిన చూపుకి నేను నేలవంక చూశాను. సాంబారు పార్టీ వాళ్ళు గుండెలు బాదుకుని, అనర్హత పిటిషన్ రాసి స్పీకరుగారికి ఇచ్చారు. గుండెలు బాదుకోవడంలో ఒకరిద్దరు నిజంగానే ఏడ్చారని తరవాత తెలిసింది.

దివాకరంగారు పిటిషన్ అందుకుని, టోపీ సర్దుకుని, "ఈ విషయము నా పరిశీలనలో ఉన్నది" అన్నారు.

వారం గడిచింది. మళ్ళీ అడిగాను. పరిశీలనలోనే ఉంది.

"పదిహేనో తారీకు దగ్గరికొస్తోందండీ. ఇంకెన్నాళ్ళు?"

"స్పీకరు నిర్ణయమునకు కాలపరిమితి లేదు. తమరు రాసినదే."

"టోపీ తీసి చెప్పండి."

తీశారు. "నాకు భయం మాస్టారూ. వెంటనే తేల్చేసిన స్పీకరు ఎక్కడైనా ఉన్నాడా? నాతో మొదలైందంటే రేపు నన్ను ఎక్కడికి బదిలీ చేస్తారో! పైగా పిటిషన్ విచారణలో ఉండగా సభ్యుడు అందుబాటులో ఉండాలి. ఇప్పుడు రాజీనామా చేసినా వదలడానికి లేదు."

అంటే పార్టీ మార్చి మేం అంకయ్యకి ఇంకో తాళం వేశాం. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఆ సాయంత్రం గేటు బయట ఒకావిడ నాకు అడ్డొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ బుట్ట, అందులో మడతపెట్టిన కొత్త చొక్కా. అంకయ్య భార్య నాంచారమ్మ. బస్టాండు దగ్గర ఇడ్లీబండి నడుపుతుంది. పధ్నాలుగేళ్ళుగా ఒక్క ములాఖత్ కూడా తప్పకుండా వస్తోందని హెడ్ వార్డరు మస్తాన్ వలి చెప్పగా విన్నాను.

"సివిక్సు మాస్టారంటే మీరేనా?"

ఆ పేరు ఎవరైనా అంత కోపంగా పలకడం నాకు కొత్త. తలూపాను.

"పధ్నాలుగేళ్ళు ఖూనీకోరు పెళ్ళామన్నారు. పడ్డా. ఆయన తప్పు చేశాడు గనక పడ్డా. చెడ్డోడు, బాగయ్యేదాకా వదలమన్నారు. సరే అన్నా. ఇయ్యాల మంచోడయ్యాడు గనక వదలమంటన్నారంట! మంచోడైనా వదలకపోతే ఇంక ఎట్టా అయితే వదుల్తారయ్యా? అది చెప్పు, అట్టాగే అవమని చెబుతా ఆయనకి."

ముప్పై రెండేళ్ళలో పౌరశాస్త్రంలో నన్ను ఎవరూ ప్రశ్న అడగలేదు. ఇప్పుడు ఈవిడ అడిగిన ప్రశ్నకి నా గైడులో అధ్యాయమే లేదు.

"సర్పంచి అయితే కదలగూడదా?" ఆవిడ ఆగలేదు. "మా ఊరి సర్పంచి గెలిచినకాడి నించీ పట్నంలో కాపరం. ఆయన మొగం చూసినోడు ఊళ్ళో లేడు. బామ్మర్ది వచ్చి సంతకాలు పెట్టి పోతా ఉంటాడు. ఆయన పదవి ఎవురన్నా పీకారా? మా ఆయనకేనా ఈ రూల్సన్నీ?"

ఆవిడ తిట్టడానికే అంది. నేను మాత్రం అక్కడే రోడ్డుమీద సంచీ దించి, నియమావళి తీసి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూశాను. సర్పంచ్ ఊళ్ళో నివసించాలని ఎక్కడా లేదు. నేను రాయడం మరిచిపోయాను. ఆ పుస్తకం మొత్తంలో పనికొచ్చేది నేను రాయని ఆ ఒక్క నిబంధనే.

"అమ్మా, మీరు ఇక్కడే ఉండండి" అని లోపలికి పరిగెత్తాను. ఈ వయసులో నేను పరిగెత్తడం చూసి సెంట్రీ, ఎవరో పారిపోతున్నారనుకుని ఈల ఊదాడు.

దివాకరంగారు విన్నారు. ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. టోపీ పెట్టుకుని అప్పటికప్పుడు ఉత్తర్వు చెప్పి రాయించారు. "ప్రజాప్రతినిధి నియోజకవర్గమునకు వెలుపల నివసించుట సర్వత్రా వాడుకలో ఉన్న సంప్రదాయమే అగుటచేతను, నిబంధనలలో ఎట్టి నిషేధమూ లేకపోవుటచేతను, సర్పంచ్ శ్రీ అంకయ్యగారు పదవిలో కొనసాగుతూనే స్వగృహమందు నివసించుటకు అనుమతించడమైనది. విచారణకు సర్పంచ్ గారి ప్రతినిధి హాజరైన చాలును."

పెద్దాఫీసు ఈసారి ఒక్క రోజులో ఒప్పుకుంది. అంతేకాదు, "ఈ మార్పువలన మన ఆదర్శ పంచాయతీ వాస్తవ ప్రజాస్వామ్య పరిస్థితులకు మరింత చేరువైనది" అని అభినందించింది. జాగ్రత్తకోసం కింద ఒక వాక్యం చేర్చింది: "సదరు సర్పంచ్ పదవీకాలము ముగియులోగా నియోజకవర్గ పరిధిలో అడుగిడినచో, తిరిగి అచ్చటనే నివాసమున్నట్లు పరిగణించబడును."

ఆ వాక్యం నేను చదివాను. చదివి కూడా ఊరుకున్నాను. జైలు నుంచి బయటపడ్డవాడు జైలుకెందుకు వస్తాడు? ఎన్నికల్లో గెలిచినవాడు ఓటర్ల దగ్గరికెందుకు వస్తాడు? రెండు విధాలా భయం లేదనుకున్నాను.

ఆగస్టు పదిహేనున జెండా ఎగిరింది. చిన్న తలుపులోంచి వంగి బయటికొచ్చిన అంకయ్య నిటారుగా నిలబడటానికి కాసేపు పట్టింది. నాంచారమ్మ కొత్త చొక్కా ఇచ్చింది, అక్కడే తొడుక్కున్నాడు. కొలత పాతది, భుజాల దగ్గర వదులైంది. ఆవిడ గుండీలు పెట్టి, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. నేను కళ్ళు తుడుచుకున్నాను. నా బుర్రతో చేసిన చెడుని నా మతిమరుపు బాగుచేసిందన్న సంతోషం కొంత, వాళ్ళిద్దరినీ చూసిన సంతోషం కొంత.

తరవాత వచ్చిన సోమవారం ములాఖత్ రోజు. నేను క్లాసుకి వెళుతూ ఉంటే గేటు దగ్గర గొడవ వినిపించింది. మస్తాన్ వలి చేతులు అడ్డంపెట్టి నిలబడ్డాడు. అతని ముందు వదులు చొక్కాలో అంకయ్య, పక్కన బుట్టతో నాంచారమ్మ.

"నీకు దణ్ణం పెడతా అంకయ్యా, అడుగు ముందుకెయ్యొద్దు. ఈ గుమ్మం దాటితే నిన్ను లోపలేసుకోవాల నేను. ఆర్డరుంది" అంటున్నాడు మస్తాన్ వలి.

"ములాఖత్‌కి వచ్చా వలీ భాయ్."

"ఎవరి కోసం?"

"అందరి కోసం."

"చీటీలో చుట్టరికం రాయాల గదా. భార్యో, తమ్ముడో, ఏదో ఒకటి ఉండాల. నువ్వు వాళ్ళకి ఏమవుతావ్?"

అంకయ్య గుమ్మం లోపలివైపు చెయ్యి చూపించి, "ఓటేశారు గదా" అన్నాడు.

మస్తాన్ వలి నావైపు తిరిగాడు. "మీరు చెప్పండి మాస్టారూ. ప్రజలకీ ప్రతినిధికీ చుట్టరికం ఉన్నట్టు మీ పుస్తకంలో ఎక్కడన్నా ఉందా?"

లేదు. నేను ఒప్పుకోవలసి వచ్చింది. అంకయ్యని పక్కకి, గోడనీడలోకి తీసుకెళ్ళాను.

"నీకేమైనా పిచ్చా? ఎందుకొచ్చావయ్యా? అడుగు జారితే నాలుగేళ్ళ తొమ్మిది నెలలు!"

"నాగభూషణం అని మా బ్యారకులో ఉన్నాడు సార్. మూడేళ్ళ నించీ వాడికి ఒక్క ములాఖత్ లేదు. చెల్లెలు ఎట్టా ఉందో తెలీదని గోడమొకాన పడుకుని ఉండేవాడు. కనుక్కొస్తానని మాటిచ్చా. నిన్న ఆ ఊరు బోయా. ఆ పిల్ల బతికే ఉంది సార్, బాగానే ఉంది. మొగుడు రానియ్యక ఆగిపోయింది. మాట్లాడి ఒప్పించా, వచ్చే నెల వస్తానంది. ఆ మాట వాడికి చెప్పాల. ఇంకా నలుగురైదుగురి పనులున్నయ్."

"ఇడ్లీబండి కాడ నిలబెట్టి పొయ్యి ఊదమంటే ఊరు దాటి పొయ్యాడు. ఇంటికొచ్చి వారం కాలేదు!" అంది నాంచారమ్మ. తిట్టినట్టే అంది గానీ, బుట్టలోంచి ఇడ్లీ పొట్లాలు తీసి నా చేతిలో పెట్టింది. "ఆ నాగభూషణానికి ఇవ్వండి."

నన్ను ఆ గుమ్మం దాటొద్దని ఏ ఉత్తర్వూ అనలేదు. పొట్లాలు పట్టుకుని లోపలికి వెళ్ళాను. ఆ రోజు క్లాసు చెప్పలేదు. నాగభూషణాన్ని పిలిచి చెల్లెలి సంగతి చెప్పాను. అతను పొట్లం విప్పాడు, మళ్ళీ కట్టాడు, మళ్ళీ విప్పాడు. తరవాత ఏడ్చాడు. చుట్టూ మూగిన వాళ్ళలో పానకాలు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయన గేటుకాడ ఉన్నాడా? ఎంత పని చేశాడు సార్! పట్టుకుంటే ఏంది గతి? మా అందరి మాటగా చెప్పండి. మాకేం పనుల్లేవు, అన్నీ బాగున్నయ్, ఇంక ఈ చాయలకి రావద్దని చెప్పండి. ఓటర్ల ఆర్డరని చెప్పండి."

అందరూ అవునన్నారు. ఎవరినీ ముందురోజు ఒప్పించకుండా జరిగిన ఏకగ్రీవం అది ఒక్కటే.

బయటికొచ్చి చెప్పాను. అంకయ్య గుమ్మానికి అవతల, ఎండలో నిలబడి విన్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"ఇంకేం పని చెప్పినా చేస్తానని చెప్పండి సార్. అదొక్కటీ కుదరదని చెప్పండి. సోమవారం సోమవారం వస్తా. అడుగు లోపల పెట్టను, ఇక్కడే నిలబడతా. మీరు కాస్త అటూ ఇటూ తిరుగుతారా?"

పౌరశాస్త్రం వల్ల నాకు దొరికిన మొదటి పని అది. తిరుగుతానన్నాను. ఆ జవాబు పట్టుకుని మళ్ళీ లోపలికి నడిచాను.